ఎంతమందిలో ఎందరికి?

పేపర్ తెరిస్తే చాలు, జ్వరాల కేసులు తగ్గాయని ఒకరోజు, పెరిగాయని ఇంకోరోజు పెద్దక్షరాలు. ఎంతమందికి పరీక్ష చేస్తే అన్ని తేలాయో ఒక్కరూ రాయరు. పోయిన నెల పదివేల మందికి చేసి ఈ నెల వెయ్యిమందికే చేస్తే కేసులు తగ్గక ఏంచేస్తాయి? తగ్గింది జ్వరమా, పరీక్షలా? మా రోజుల్లో దీనికి జవాబు చెప్పలేనివాణ్ణి నెలవారీ మీటింగులో నిలబెట్టి కడిగేసేవారు.

నేను మలేరియా వర్కర్‌గా చేరింది 1970ల చివర్లో. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా తొక్కాలి. తలుపు వెనక గోడమీది స్టెన్సిల్ గడిలో తారీఖు వేసి పొట్టి సంతకం పెట్టాలి. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ గోడే చూస్తాడు. "అమ్మా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా? మొన్నీమధ్య వచ్చి పోయిందా? ఊరినుంచి చుట్టాలొచ్చారా?" అవునంటే ఎడమచేతి ఉంగరపు వేలు గుచ్చి, స్లైడు మీద ఒకపక్క మందంగా చుక్క, ఇంకోపక్క మరో స్లైడు అంచుతో పల్చగా లాగిన పూత. పూత ఆరాక దానిమీదే పెన్సిలుతో నంబరు. అది తప్పుపడితే ఆ రక్తం ఎవరిదో చెప్పే దిక్కుండదు. పాజిటివ్ వస్తే మళ్లీ ఆ ఇంటికే వెళ్లి పూర్తి మోతాదు మందు మింగించి, ఇరుగుపొరుగు రక్తాలూ తీసేవాళ్లం.

ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు. ఎపిడమియాలజీకి పునాది ఈ మూడు ప్రశ్నలే. చెరువు పక్క వీధిలోనే కేసులు గుమిగూడితే దోమ అక్కడ పుడుతోందేమో చూడాలి. వలసపోయి వచ్చిన కూలీలకే వస్తుంటే జబ్బు బయటినుంచి వస్తున్నట్టే లెక్క. ఆ మూడూ రాయకుండా ఊరంతా పొగ కొడితే ఏం లాభం?

లెక్క సడలితే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 1965 నాటికి మలేరియా కేసులు ఏడాదికి లక్ష దాకా దిగాయి. ఇక పోయినట్టేనని చాలాచోట్ల నిఘా తగ్గించారు. దోమలు డీడీటీకి లొంగడం మానేశాయి, మందు సరఫరా కుంటుపడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

ఇప్పుడు కిట్టుమీద అరగంటలోపే ఫలితం. చాలా మంచిది. మా స్లైడు ఫలితానికి వారం పట్టిన రోజులున్నాయి, ఆలోగా దోమ పదిమందిని కుట్టేది. కానీ ట్యాబులోకి ఎక్కేది ఎక్కువగా ఆసుపత్రికి వచ్చిన జ్వరమే. ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని ఇంట్లో పడుకున్న కూలీ ఏ లెక్కలోనూ ఉండడు. ఏడాదికి జనాభాలో నూటికి పదిమంది రక్తమైనా చూడాలన్నది మా కొలత. దాన్ని కాగితంమీద పూర్తిచేయడం తేలిక, గడపగడపకీ తిరిగి చేయడమే కష్టం.

ఆశా కార్యకర్తలనూ ఏఎన్‌ఎమ్‌లనూ నేను తప్పుపట్టను. టీకాలు, గర్భిణుల నమోదు, బీపీ, షుగరు సర్వేలు అన్నీ వాళ్ల నెత్తినే పెడితే జ్వరం వెతకడానికి పొద్దేదీ? మేం చేసిన పనికి ఉన్న మగ వర్కర్ల పోస్టులు చాలాచోట్ల ఏళ్ల తరబడి ఖాళీ. వానలు పడకముందే వాటిని నింపండి.