ఎర్త్ గుంతకు నీళ్లు పోసిన రోజులు

మా రోజుల్లో పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కడితే వంటింట్లో ఒక బల్బు, మహా అయితే ఒక ప్లగ్గు. పప్పు రోట్లోనే రుబ్బేవాళ్లు. చెక్క బోర్డులు, పింగాణీ కటౌట్లు, అంతే. అయినా ఇంటి పక్కన గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి ఎర్త్ పాతేవాళ్లం. ఎండాకాలం వస్తే అందులో బిందెడు నీళ్లు పోయడం ఇంటి పెద్ద పని. నేల తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుందని చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు.

ఇప్పుడేమో పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల కోసం చౌరస్తా చుట్టూ అపార్ట్‌మెంట్లు, కిరాయి రూములు లేచాయి. గ్రానైట్ గట్టు మీద, సింకు పక్కనే మిక్సీ, గ్రైండర్, ఇండక్షన్ స్టవ్. తడి చేత్తోనే స్విచ్చు. సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, విప్పి చూస్తే పై రంధ్రానికి ఆకుపచ్చ తీగే ఉండదు!

"ఎంసీబీ ఉంది కదా తాతా" అంటారు పిల్లలు. ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు, తీగను కాపాడుతుంది నాయనా, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అయితే అంత దాటితే గానీ కదలదు. గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు చాలు. ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిందెంత, న్యూట్రల్‌లో తిరిగొచ్చిందెంత అని ప్రతి క్షణం లెక్క చూస్తుంది. ఒంట్లోంచి నేలకు 30 మిల్లీ ఆంపియర్లు జారితే, సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా తెంచేస్తుంది. ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోయినా ఈ పని చేస్తుంది. అమెరికాలో డాల్జీల్ అనే ప్రొఫెసర్ 1961లో ఇలాంటిది తయారుచేశాడు, 1987లో అక్కడి విద్యుత్ కోడ్‌లో సింకు దగ్గరి వంటగట్టు సాకెట్లకు తప్పనిసరి చేశారు. మన కేంద్ర విద్యుత్ అథారిటీ కూడా చిన్న లోడు ఇళ్లను మినహాయించి ఎర్త్ లీకేజీ రక్షణ ఉండాలని 2010లోనే రాసింది.

నాకు మండేది ఎక్కడంటే, ఆర్‌సీసీబీ పెట్టిన ఇళ్లలోనూ బాక్సు తెరిస్తే పై స్క్రూ నుంచి కింది స్క్రూకు ముక్క తీగ వేసి ఉంటుంది. ఆర్‌సీసీబీనే తప్పించి కరెంటు నడిపిస్తున్నారు. ఎందుకయ్యా అంటే "ఊకె పడిపోతుంది సార్". ఊకె పడదు! గీజర్ కాయిల్ లీకవుతుండాలి, లేదా న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగిలి ఉండాలి. అది వెతకడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఎవరికీ లేదు. దొంగ వచ్చాడని మొరిగిన కుక్కను కొట్టి కట్టేసినట్టుంది వ్యవహారం.

ఆర్‌సీసీబీ మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. ఈ రోజే నొక్కి చూడండి, కరెంటు పోవాలి. పోకపోతే తెలిసిన మిస్త్రీని పిలిచి మార్పించండి. అసలు లేకపోతే పెట్టించండి. కిరాయి ఇల్లయితే ఓనరును అడగండి, మొహమాటపడకండి.