ట్రిమ్మర్ అనిపించుకున్న రికార్డర్

మాచర్లలో ఆ ఇంటి గడప దాటిన రోజే ఈ రికార్డర్‌కి మారుపేరు పడింది. "ఏందిరా ఇది, గడ్డం గీసుకునే మిషనా?" అంది అమ్మ. "కాదమ్మా, పాట పట్టేది" అన్నాడు కొడుకు. అరచేతిలో ఇమిడే నల్లటి ఒళ్లు, తల మీద జాలీ, జాలీ వెనక ఒకదానికొకటి అడ్డంగా రెండు బుల్లి మైకులు. ఆమె తప్పేం లేదు, ఎవరు చూసినా ట్రిమ్మరే అనుకుంటారు. జూమ్ అనే జపాన్ కంపెనీ 2010లో తెచ్చిన హెచ్1 ఇది. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా పలకలేదు. ట్రిమ్మరే స్థిరపడింది.

ఇది ఆత్మకథే గాని ఇందులో 'నేను' ఉండదు. పుట్టినప్పటి నుంచి ఇంకొకరి గొంతు దాచిపెట్టడమే పనైనదానికి సొంత గొంతు ఎక్కడిది? అందుకే తన సంగతి కూడా పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టే చెబుతుంది.

ఆ కుర్రాడు ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. మిగతా రోజుల్లో బాణీలు కడతాడు. అవి రాకూడని వేళల్లోనే వస్తాయి: రాత్రి పూట మోటారు వేయడానికి చేలోకి పోయినప్పుడు, బండి మీద గురజాల నుంచి వస్తున్నప్పుడు. ఇంటికొచ్చి గిటారు తీసేసరికి సగం ఎగిరిపోయేది.

పాటల బృందంలో కీబోర్డు వాయించే అన్న ఒక సలహా ఇచ్చాడు. ల్యాప్‌టాప్ ఉంది కదా, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు కొనుక్కో అని. మంచి సలహానే. పూర్తి పాట పొరలు పొరలుగా కట్టాలంటే అదే దారి. కాని ల్యాప్‌టాప్ మేలుకుని, సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, కేబుల్ దొరికి, మైకుకి 48 వోల్టులు అందేలోపు బాణీ వినుకొండ దాటిపోతుంది. పైగా కండెన్సర్‌కి చెవులు మరీ పదును. గిటారుతో పాటు ఫ్యానునీ, పక్క వీధి కుక్కనీ పాటలో కలిపేస్తుంది. మరి ఫోను? చప్పున అందుతుంది, నిజమే. కాని అది మనిషి మాట కోసం తయారైన చెవి, గిటారు మోతని నొక్కేస్తుంది. సరిగ్గా చరణం దగ్గర కాల్ వస్తుంది. అలా వాడిన సరుకుల్లో వెతికి వెతికి ఈ ట్రిమ్మర్‌ని తెచ్చుకున్నాడు. ఒక్క పెన్సిల్ సెల్ వేస్తే పది గంటల దాకా నడుస్తుంది. కరెంటు పోయినా దీనికి పట్టదు. ముందువైపు ఎర్ర బటన్ నొక్కితే చాలు, సెకనుకి 44,100 సార్లు గాలి కదలికని కొలిచి రాసుకుంటుంది.

దీని వంశంలో పెద్దలున్నారు. 1965లో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ మంచం పక్కన ఒక ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్ ఉండేది. పొద్దున లేచి చూస్తే టేపు చివరిదాకా తిరిగి ఉంది. వెనక్కి తిప్పి వింటే 'శాటిస్‌ఫాక్షన్' బాణీ కాసేపు, ఆ తర్వాత టేపు నిండా ఆయన గురకే. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో తన ఇంట్లో టియాక్ 144 అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషను, రెండు ఎస్ఎమ్57 మైకులు పెట్టుకుని పాటల నమూనాలు చేసుకున్నాడు. తర్వాత స్టూడియోలో బ్యాండుతో ఎంత ప్రయత్నించినా ఆ తడి రాలేదు. చివరికి ఆ క్యాసెట్టే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చింది.

అంత దూరం పోవడం దేనికి? పల్నాడుకి పాట పట్టే పెట్టెలు కొత్త కాదు. 1970ల్లో జీన్ రోఘెయిర్ అనే అమెరికా పరిశోధకుడు ఇక్కడికొచ్చి అలిసెట్టి గాలెయ్య నోట పల్నాటి వీరుల కథ టేపుల మీద పట్టాడు. ఆ కథ 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది, సరిగ్గా 'నెబ్రాస్కా' వచ్చిన ఏడే. ఈ కలయికని ట్రిమ్మర్ కాస్త గర్వంగానే చెప్పుకుంటుంది.

దీని తొలి రోజులు మాత్రం గర్వపడేలా లేవు. కుర్రాడు దీన్ని గిటారు నడుమ గుండ్రటి కంతకి ఎదురుగా పెట్టాడు. బుంగలో ఊదినట్టు వచ్చింది. పక్కకి జరిపి, పన్నెండో మెట్టుకి ఎదురుగా, అడుగు దూరంలో స్టూలు మీద పెట్టాక తీగలు తీగల్లా పలికాయి. చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి కూడా పడుతుంది కాబట్టి స్టూలు తప్పనిసరి. వీపు మీద ఆటో లెవెల్ స్విచ్ కూడా ఆపేశాడు. అది ఉంటే వాయింపు ఆగినప్పుడల్లా గది హోరుని పైకి లేపుతుంది.

ఇక గది సంగతి. నాపరాయి పరిచిన నేల, సున్నం కొట్టిన గోడలు. ఒక్క మీటు మీటితే నాలుగు వైపుల నుంచి తిరిగొచ్చేది. ఫ్యాను ఆపితే రెంటచింతల ఎండ గదిలోకొచ్చి కూర్చున్నట్టుండేది. గోడల వారన మిర్చి టిక్కీలు నిలబెట్టి చూశాడు. మోత తగ్గింది గాని రెండో చరణంలో ముగ్గురు తుమ్మారు.

అసలు స్టూడియో పత్తి తీతలప్పుడు దొరికింది. అమ్మకానికి ముందు పత్తినంతా వెనక గదిలో నడుమెత్తు పోశారు. గిటారు తీసుకుని ఆ కుప్పలో కూర్చుంటే గోడలు లేనట్టే. మోత పుట్టినచోటే ఆగిపోయేది. మూడు వారాల్లో పద్నాలుగు బాణీలు. ఆ తర్వాత కాటా వాళ్లొచ్చారు.

ఆ పొద్దున కుర్రాడు బటన్ ఆపడం మరిచి బయటికి పోయాడు. ట్రిమ్మర్ స్టూలు మీద నుంచి అంతా వింటూనే ఉంది. బోరెం ఈడ్చిన చప్పుడు, కాటా కొక్కెం కిర్రుమనడం, ముసలి గొంతు తాపీగా లెక్కపెట్టడం: "లాభం... రెండు... మూడు..." ఒక్కో బోరెం గది దాటేకొద్దీ ఆ గొంతు వెనక గోడలు మళ్లీ పలకడం మొదలైంది. సాయంత్రం విన్నాడు. చెరిపేయబోయి ఆగాడు. గిటారు అందుకుని, ఆ లెక్క ఏ తూగులో నడుస్తోందో వేళ్లతో వెతకడం మొదలెట్టాడు. తొమ్మిదో బోరెం దగ్గర సెల్ గుర్తు మిణుకుమంది.