నలుగురిలో ఒకరైతేనే ఆడిటరా?

సీఏ ఫైనల్ ఫలితాలు వచ్చిన పూట తెలుగు ఇళ్లలో అభినందనలు ఒక్క ప్రశ్న దాకానే నడుస్తాయి: "అయితే ఏ బిగ్‌ఫోర్‌లో చేరుతున్నాడు?" డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ. ఈ నాలుగింట్లో ఏదో ఒక పేరు వినబడితే వచ్చినవాళ్లు స్వీటు నోట్లో వేసుకుంటారు. "తాడేపల్లిగూడెంలో ప్రాక్టీసు పెడతాడటండీ" అంటే మాత్రం "పోనీలెండి, ముందు ముందు మంచి రోజులొస్తాయి" అని ఓదార్చి లేస్తారు. ఏళ్ల తరబడి నిద్రమాని పాసైనవాడికి పరామర్శ దక్కే చదువు దేశంలో బహుశా ఇదొక్కటే.

కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకు కింద కంపెనీ పేరుండాలి. లింక్డిన్‌లో మెడకు ఐడీ కార్డు వేసుకుని, కల నెరవేరిందంటూ ఫొటో పెట్టాలి. పెళ్లి సంబంధాల దగ్గరైతే లెక్క మరీ కచ్చితం: బిగ్‌ఫోర్ అబ్బాయి ఆస్తుల వైపు, సొంత ప్రాక్టీసు అబ్బాయి 'ఇంకా స్థిరపడలేదు' ఖాతాలో. ఆ రెండోవాడే సంబంధం అడగడానికొచ్చిన మామగారి ఇన్‌కంట్యాక్స్ నోటీసుకు జవాబు రాసిచ్చి పంపినా ఎంట్రీ మారదు.

ఇంతకీ ఈ నాలుగు అంకె ఏ వేదంలోదీ కాదు. ఒకప్పుడు ఎనిమిది. 1989లో జరిగిన విలీనాలతో ఆరయ్యాయి. 1998లో ప్రైస్ వాటర్‌హౌస్, కూపర్స్ అండ్ లైబ్రాండ్ కలిసిపోయి ఐదయ్యాయి. 2002లో అమెరికా కంపెనీ ఎన్రాన్ దొంగ లెక్కలతో పాటు ఆర్థర్ ఆండర్సన్ కూలి నాలుగు మిగిలాయి. ఆండర్సన్‌లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85,000 మంది పనిచేసేవారు. వాళ్ల ఇళ్లలోనూ "ఇక నీకు ఢోకా లేదురా" అన్నవాళ్లు ఉండే ఉంటారు.

హైదరాబాద్ వాళ్లకు అంత దూరం వెళ్లే పని లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం, కంపెనీ పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ పుస్తకాల మీద ఏళ్ల తరబడి సంతకం పెట్టింది ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకులో ఎంతుందో బ్యాంకునే అడిగి తెలుసుకోవాలన్నది వీధి చివరి ఆఫీసులో కూడా సీఏ శిక్షణకొచ్చిన ఆర్టికల్ కుర్రాడికి మొదట్లోనే నేర్పే పాఠం. దాన్ని సరిగా పాటించలేదనే 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు పీడబ్ల్యూసీ నెట్‌వర్క్‌లోని భారతీయ సంస్థలకు మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. 2018లో సెబీ వాటిపై రెండేళ్ల నిషేధం విధిస్తే 2019లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. ఆ మోసం మన ఊళ్లోనే జరిగింది. అయినా మన ఊళ్లోనే భక్తి వీసమెత్తు తగ్గలేదు.

2022 నాటి కథ ఇంకా రుచికరం. తమ ఉద్యోగులు నైతిక విలువల పరీక్షలో కాపీ కొట్టినందుకు, విచారణలో నిజం దాచినందుకు అమెరికాలోని ఈవై 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. లెక్కల పరీక్షలో కాదండీ, నీతి పరీక్షలో! ఇంటర్ పిల్లాడు చిట్టీతో దొరికితే డిబార్ చేసే రాష్ట్రాల నుంచే ఆ గుమ్మం ముందు క్యూ కడుతున్నారు.

చిన్న ఆఫీసులన్నీ పులుకడిగిన ముత్యాలని దీనర్థం కాదు. బెర్నార్డ్ మడాఫ్ మహా మోసానికి ఆడిట్ చేసినది న్యూయార్క్ శివారులో ఒక చిన్న గదిలో నడిచిన సంస్థే. దొంగలెక్కకు గది కొలతలతో పనిలేదు.

ఇండియాలో ఇంకో తమాషా ఉంది. కేపీఎంజీ అని మురిసిపోతూ చేరితే, ఆడిట్ రిపోర్టు కింద కనిపించే పేరు బీఎస్‌ఆర్ అండ్ కో. ఈవై అనుకుంటే ఎస్.ఆర్.బాట్లిబాయ్. ఈ బాట్లిబాయ్ 1914లో పుట్టిన దేశవాళీ సంస్థ. మరి పెళ్లివారికి ఏ పేరు చెబుతున్నట్టు?

గచ్చిబౌలి అద్దాల మేడలో సదరు విజేత చేసే పని సంగతి చూద్దాం. అమెరికాలోని ఏదో భాగస్వామ్య సంస్థ పన్ను ఫారం 1065 నింపాలి. అందులో ఇతని వంతు భాగస్వాముల కే-1 షెడ్యూళ్లు. పై సీనియర్ చూస్తాడు, ఆపై మేనేజర్ చూస్తాడు, సంతకం సముద్రాల అవతల. ఆ సంస్థ ఏం అమ్ముతుందో ఇతనికి తెలియాల్సిన అవసరం రాదు.

మిర్యాలగూడ ఆడిటర్ గారికి ఆ సుఖం లేదు. రైస్ మిల్లు పుస్తకం ముందుకొస్తే క్వింటాలు ధాన్యానికి ఎన్ని బియ్యం దిగాలో ఆయనకు నోటికి వచ్చి ఉండాలి. ప్రభుత్వానికి ఆడించే ధాన్యానికైతే పచ్చిబియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు లెక్క. మిగతాది నూకలా, తవుడా, ఊకా? తవుడు ఏ నూనె మిల్లుకు పోయింది, బిల్లేదీ? కరెంటు బిల్లులో యూనిట్లు చూస్తే మిల్లు రాత్రంతా ఆడినట్టుంది, ఆవర్జాలో మాత్రం సగం రోజే ఆడింది. ఎందుకని? 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. చూస్తుండగానే బజారు 26 కిలోల బస్తాలతో నిండింది. ఆ అదనపు కిలో వెనకున్న చట్టం మిల్లు యజమానికి అరటిపండు వలిచినట్టు చెప్పినవాళ్లు ఎవరో అద్దాల మేడలో వెతకనక్కర్లేదు. సరుకు అమ్మే వ్యాపారికి ఏడాది అమ్మకాల మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఈ రెంటి మధ్య ఉండి జగ్గయ్యపేటలో నిశ్చింతగా ఉన్న అమ్మకం సరిహద్దు దాటి కోదాడకు రాగానే రిజిస్ట్రేషన్ అడుగుతుంది. రెండు ఊళ్లలోనూ క్లయింట్లున్న ఆడిటర్‌కు ఇది కేస్ స్టడీ కాదు, సోమవారం.

ఆ చిన్న ఆఫీసుల్లో కష్టాలూ తక్కువేం కాదు. ఆర్టికల్ కుర్రాడి స్టయిపెండ్ బస్సు పాసుకే సరిపోతుంది. ఓటీపీ కోసం క్లయింటు వెంటపడటం, సారు ఇంటి కరెంటు బిల్లు కట్టి రావడం కూడా కొన్నిచోట్ల శిక్షణలో భాగమే. ఫీజు అడిగితే "మన మధ్య ఇవేంటి ఆడిటర్ గారూ" అనే షావుకార్లు ప్రతి ఊళ్లో ఉంటారు. పెద్ద కంపెనీల గ్రూపు ఖాతాలు, అంతర్జాతీయ ప్రమాణాలు నేర్చుకోవాలంటే ఆ నాలుగు చోట్లే వసతి ఎక్కువ, నిజమే. విదేశానికి వెళ్లేవాడికి ఆ పేరు అక్కరకొస్తుంది కూడా. వెక్కిరించాల్సింది అక్కడ చేరినవాడిని కాదు, చేరనివాడిని చూసి జాలిపడే బంధువర్గాన్ని.

ఎందుకంటే మిగతావాళ్లే ఎక్కువ. దేశంలో సీఏలు 4 లక్షలకు పైనే. ఏప్రిల్ ఎండలో బ్యాంకు శాఖల్లో మొండిబాకీలు తవ్వేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఫైనాన్స్ చూసేవాళ్లు, సీఏ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన 60 ట్యాక్స్ ఆడిట్ల పరిమితిని సెప్టెంబరుకల్లా నింపేసేవాళ్లు అందులోవారే. 1932లో పుట్టిన బ్రహ్మయ్య అండ్ కో ఆ నలుగురిలో చేరకుండానే తెలుగునాట తరాల ఆడిటర్లను తయారుచేసింది. ఇలాంటివాళ్ల పేర్లు ఫ్లెక్సీల మీద లేకపోవడానికి చట్టబద్ధమైన కారణం ఒకటుంది. ప్రకటనలిచ్చి క్లయింట్లను పిలవడం 1949 నాటి సీఏ చట్టం ప్రకారం దుష్ప్రవర్తన. పేరు నోటిమాటగానే పాకాలి. లింక్డిన్‌కు ఆ ఇబ్బంది లేదు.

జీఎస్టీ మొదలైన 2017 జులై 1నే ఢిల్లీలో సీఏల సభలో ప్రధాని మోదీ ఒక కోరిక కోరారు: 2022 నాటికి బిగ్‌ఫోర్ కాస్తా బిగ్ ఎయిట్ కావాలి, కొత్త నాలుగూ భారతీయ సంస్థలే కావాలి. 2022 వచ్చింది, వెళ్లింది. నాలుగు నాలుగుగానే ఉంది. ఆ సభ నాడే పుట్టిన జీఎస్టీ రిటర్నులను మాత్రం మిర్యాలగూడ, తాడేపల్లిగూడెం ఆఫీసులు నెలనెలా 20వ తేదీకి సర్వరుతో కుస్తీపట్టి దాఖలు చేస్తూనే ఉన్నాయి. ఫీజు ఇంకా రావాలి.