ఖాళీ కడుపు కావ్యం

కళింగం మీదికి దండెత్తి వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు మా బెజవాడలో కొన్నాళ్లు మకాం వేశాడు. ఇక్కణ్ణుంచి కృష్ణ ఒడ్డున దిగువనున్న శ్రీకాకుళం వెళ్లి (ఘంటసాల దగ్గరిది, ఉత్తరాంధ్ర బస్సెక్కకండి) ఆంధ్ర మహావిష్ణువు సన్నిధిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రే స్వామి కలలోకొచ్చి ఆముక్తమాల్యద రాయమన్నాడట. ఈ ముక్క రాయలే స్వయంగా కావ్యంలో చెప్పుకున్నాడు.

పండితులకు ఇందులో భక్తి కనిపిస్తుంది. నాకైతే ఆకలి కనిపిస్తుంది. కడుపు నిండినవాడు ఆ కావ్యంలో విష్ణుచిత్తుడనే భక్తుడి ఇంట అతిథులకు రుతువుకో భోజనం అంత శ్రద్ధగా రాయగలడా? ఎండాకాలం తియ్యని చారు, చెరకురసం, లేతకొబ్బరి నీళ్లు, పల్చటి మజ్జిగ, వడపిందెలు. చలికాలం పొగలుకక్కే కూరలు, మిరియాల పొడి, ముక్కుపుటాలు అదిరే ఆవఘాటు. వానాకాలం పప్పు, నాలుగైదు వేపుళ్లు, వరుగులు, వడియాలు, గడ్డపెరుగు. పైగా ముసురులో పొయ్యి పొగచూరకుండా ఇల్లాలు ఎండిన కొబ్బరిచిప్పలు రాజేస్తుంది! 1509 నుంచి 1529 దాకా సింహాసనం మీద కూర్చున్న మనిషికి తడికట్టెల బాధ ఎవరు చెప్పారో.

ఉపవాసమంటే అదీ. అదే ఐరోపాలో చూడండి. ఒకప్పుడు ఈస్టరుకు ముందు నలభై రోజులు మాంసం ముట్టకూడదనీ, చేప తినొచ్చనీ నియమం ఉండేది. దాంతో నీళ్లలో ఈదే బీవరు తోక కూడా చేపల ఖాతాలో పడింది. ఒక రకం బాతు సముద్రంలో కొయ్యదుంగల మీద కాస్తుందని నమ్మి, అది మాంసమే కాదని ఐర్లండులో కొందరు బిషప్పులు శుభ్రంగా తినేవారని 12వ శతాబ్దంలో గెరాల్డ్ అనే మతాచార్యుడు రాసిపెట్టాడు.

ఈ బాతు కథ మొన్న ఏకాదశినాడు మా పెద్దత్తయ్యకు చెప్పాను. "ఎంత పాపం!" అంటూ ముకుట్లో దిబ్బరొట్టె తిరగేసింది. అడుగు ఎర్రగా కాలి, కరకరలాడే అంచు నూనెలో బుసబుసలాడుతోంది.

"అందులో ఉన్నది బియ్యపు రవ్వే కదత్తయ్యా?"

"రవ్వ అయ్యాక ఇంకా బియ్యమేమిట్రా! ఇంతకీ మీ రాయలవారి విందులో మిరపకాయ లేదేం?"

"అప్పటికింకా మనకు రాలేదు. తర్వాత పోర్చుగీసువాళ్లు తెచ్చారు."

అత్తయ్య అట్లకాడ దించి జాలిగా చూసింది.

"అయితే పాపం, రోజూ ఉపవాసమేనన్నమాట!"