పద్దుల యాత్రికుడు

విహారయాత్రలకు వెళ్ళేవారిని ఖర్చుపట్ల వారికున్న వైఖరిని బట్టి వర్గీకరించబూనుకుంటే మొదట కంటబడేవి రెండు జాతులు: ఉన్నదంతా ఊడ్చి ఖర్చుపెట్టి, తిరిగివచ్చాక ఏడాదిపాటు వాయిదాలు కట్టుకునేవారు ఒకరు, ఎంత దూరదేశం వెళ్ళినా పులిహోర పొట్లాలతో, ఆవకాయ సీసాతో బయలుదేరి, అక్కడి హోటలు గుమ్మం తొక్కకుండానే తిరిగివచ్చేవారు మరొకరు. ఈ రెండు జాతులనూ లోకం చాలాకాలంగా ఎరుగును. వీటికి భిన్నంగా, కంప్యూటరు పట్టికలూ చౌక విమానాలూ కలిసి పుట్టించిన మూడవ జాతి ఒకటి ఉంది. ఈ జాతివాడు పిసినారి కాడు, దుబారా మనిషీ కాడు. ఎంత ఖర్చయిందన్న దానికంటె, అనుకున్నంతే అయిందా లేదా అన్నది అతనికి ప్రాణప్రదం. తక్కినవారు యాత్రకోసం అంచనా వేసుకుంటారు, ఇతడు తన అంచనా సరైనదని రుజువు చేయడానికి యాత్ర చేస్తాడు. ఇతనిని పద్దుల యాత్రికుడు అనవచ్చు.

ఈ జాతిని తీరికగా పరిశీలించదలచినవారికి కొలంబియా దేశపు కరీబియన్ తీరంలోని కార్తహేనా నగరం మిక్కిలి అనువైన చోటు. 1533లో పెద్రో దె ఎరేదియా అనే స్పానిష్ సేనాని స్థాపించిన ఈ రేవుపట్టణం, దక్షిణ అమెరికా సంపద స్పెయిన్‌కు తరలిపోయిన ప్రధాన ద్వారాలలో ఒకటి. ప్రాకారాలూ, కోటలూ, పూలతీగలు వేలాడే కొయ్య బాల్కనీలూ ఉన్న ఈ పాత నగరం 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందం సంగతి అలా ఉంచి లెక్కల కోణంలో చూస్తే దీని విశిష్టత వేరు. ఇక్కడి టాక్సీలకు మీటర్లు ఉండవు, సముద్రపు ఒడ్డున అమ్మేవాటిలో చాలావాటికి ధర చీటీలు ఉండవు, ఏడాది పొడుగునా పగటివేడి 30 డిగ్రీలకు అటూఇటూగా ఉండి, ఎంతటి నిశ్చయాన్నైనా మధ్యాహ్నానికల్లా సడలిస్తుంది. అంకెలను నమ్ముకున్నవాడు రాకూడని ఊరు ఇదే అయినా, 'ఐరోపాకంటె చౌక' అని పట్టిక ముందే తేల్చింది గనుక అతడు ఇక్కడికే వస్తాడు.

పట్టిక ప్రయాణానికి ఎన్నో నెలల ముందే పుడుతుంది. అడ్డువరుసలలో తేదీలు, నిలువువరుసలలో పద్దులు: విమానం, బస, భోజనం, స్థానిక రవాణా, ప్రవేశ రుసుములు, కానుకలు, అన్నిటికీ చివర, ఎవరూ పెద్దగా పట్టించుకోని 'ఇతరములు'. డిసెంబరు నుంచి మార్చి వరకు వాన లేని కాలం కాబట్టి గది అద్దెలు పెరుగుతాయని, అక్టోబరు నవంబరులలో వానలు పడి అద్దెలు తగ్గుతాయని గ్రహించి అతడు నవంబరును ఎంచుకుంటాడు. ఆ నెల 11వ తేదీన నగరం 1811 నాటి తన స్వాతంత్ర్య ప్రకటనను రోజుల తరబడి పండుగ చేసుకుంటుందని ఆ తరువాత తెలిసి, మొత్తం పట్టికను రెండు వారాలు ముందుకు జరుపుతాడు. బస విషయంలో అతని తర్కం ఇంకా సూక్ష్మమైనది. ప్రాకారం లోపలి పాత ఇళ్ళలో వెలసిన హోటళ్ళు ఖరీదైనవి, బోకగ్రాండే అనే సముద్రతీరపు పేటలోని ఎత్తయిన భవనాలు ఏ దేశంలోనైనా కనబడే రకం. కనుక ప్రాకారాన్ని ఆనుకొని ఉండి, ఒకప్పుడు పనివారూ చేతివృత్తులవారూ కాపురమున్న హెత్సెమనీ పేటలో దిగితే పాత నగరపు సొగసు, కొత్త నగరపు ధర రెండూ దక్కుతాయని అతడు తేలుస్తాడు. ఈ ఆలోచన తనకొక్కడికే తట్టిందని అతని విశ్వాసం. సరిగ్గా ఇదే లెక్క వేసినవారు వేలకు వేలు వచ్చి దిగినందువల్లనే ఆ పేటలో అద్దెలు పెరిగి, తరతరాలుగా అక్కడున్న కుటుంబాలు ఒక్కొక్కటిగా ఇళ్ళు ఖాళీచేయవలసి వచ్చిందన్న వాస్తవానికి పట్టికలో గడి లేదు. విదేశీ యాత్రికులు పాస్‌పోర్టు చూపితే బస మీద 19 శాతం విలువ ఆధారిత పన్ను చెల్లించనక్కరలేదన్న నియమం మాత్రం ముదురు ఆకుపచ్చ రంగులో మెరుస్తూ ఉంటుంది, యాత్ర మొత్తంలో అతడు పొందే నిర్మలమైన ఆనందం అదొక్కటే గనుక.

కొలంబియా ద్రవ్యం పేరు పెసో. ఒక అమెరికా డాలరుకు ఇటీవలి సంవత్సరాలలో నాలుగు వేల పెసోలకు కాస్త అటూఇటూగా వస్తుండడం వల్ల, విమానాశ్రయపు ఏటీఎం ముందు నిలుచున్నవాడు కొద్ది నిమిషాలలోనే లక్షాధికారి అవుతాడు, టాక్సీ ఎక్కి మంచినీళ్ళ సీసా కొనేసరికి వేలకు వేలు ఖర్చుచేసిన రాజావారూ అవుతాడు. సున్నాల బెడద తగ్గించడానికి 2016 నుంచి వచ్చిన కొత్త నోట్లలో చివరి మూడు సున్నాల స్థానంలో వేయి అనే అర్థమిచ్చే 'మిల్' అన్న మాటను అచ్చువేశారు. యాభై వేల నోటు మీద పెద్దదిగా కనిపించేది 50 మాత్రమే కావడంతో, అతడు తొలిరాత్రి విందు ఖర్చును పట్టికలో 50 అనే నమోదు చేసి, ఇద్దరి భోజనమూ ఒక సెంటు చిల్లరకే పూర్తయిందని చూసుకొని, ఈ నగరం గురించి విన్నవన్నీ నిజమేనని పొంగిపోతాడు. ఆ నోటు మీది బొమ్మ గాబ్రియేల్ గార్సియా మార్కేస్‌ది. ఆయన 1948లో ఈ ఊరి దినపత్రికలోనే విలేకరిగా పనిచేశాడని, ఆయన చితాభస్మం ఇక్కడి పాత మఠప్రాంగణంలోనే భద్రపరచి ఉందని మార్గదర్శి ఎంత చెప్పినా, పద్దుల యాత్రికుని మనసులో ఆ మహారచయిత పన్నెండు డాలర్ల విలువగల మనిషిగానే స్థిరపడిపోతాడు.

ఈ జాతిలో తెలుగు శాఖ ఒకటి ఉంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయులను కొలంబియా, కొన్ని షరతులతో, తన వీసా అడగకుండానే రానిస్తుంది. మయామీ నుంచి నేరుగా విమానం కూడా ఉండడంతో అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులకు ఇటు రావడం కద్దు. తక్కిన దేశాలవారు పెసోలను ఒకసారే మార్చుకుంటే ఈ శాఖవారు రెండుసార్లు మారుస్తారు: మొదట పెసోల నుంచి డాలర్లలోకి, అక్కడితో ఆగలేక డాలర్ల నుంచి రూపాయలలోకి. ఇరవై ఏళ్ళుగా రూపాయి సంపాదించనివాడు కూడా ఈ రెండవ మార్పిడిని మానుకోలేడు, ఎందుకంటే డాలర్లలో చవకగా తోచినది రూపాయలలోకి మారేసరికి పెద్దలు చూస్తే తిట్టే ఖర్చుగా కనిపించి, ఒకవిధమైన తృప్తిని ఇస్తుంది. "ఏమండీ, ఈ బోండాం తాగేది కార్తహేనాలోనా, తెనాలిలోనా?" అని భార్య అడిగినప్పుడు అతని దగ్గర సమాధానం ఉండదు, చేతిలోని ఫోనులో మాత్రం ఉంటుంది.

ఈ ఊరి టాక్సీ ఛార్జీలు పేటల వారీగా నిర్ణయమై ఉంటాయి. అయినా ఎక్కేముందే బేరం స్థిరపరచుకోవడం మేలని అందరూ చెబుతారు. పద్దుల యాత్రికుడు ఆ ధరల జాబితాను అచ్చు తీయించి జేబులో పెట్టుకొని, డ్రైవరు చెప్పినదానికీ జాబితాలో ఉన్నదానికీ ఉన్న వ్యత్యాసాన్ని, అంటే ఇంచుమించు అర డాలరును, సూత్రరీత్యా అంగీకరించలేక, కుటుంబంతో సహా నడక మొదలుపెడతాడు. దూరం రెండు కిలోమీటర్లకు మించదు గాని ఎండ దానిని రెట్టింపు చేస్తుంది. మొదటి కిలోమీటరులో చన్నీళ్ళు, తరువాత టోపీలు, ఆపైన కొబ్బరిపాలతో నిమ్మరసాన్ని మంచులో చిలికి ఇచ్చే లిమోనాదా దె కోకో, చివరకు చల్లగా కూర్చోవడానికి ఒక ఏసీ కాఫీ దుకాణం. అప్పటికి టాక్సీ కిరాయి మూడురెట్లు చేతులు మారి ఉంటుంది. అయితే ఇవన్నీ 'ఇతరములు' కిందికి పోతాయి గనుక, ఆ రాత్రి పట్టిక చూస్తే రవాణా పద్దులో మిగులే తేలుతుంది.

భోజనాల దగ్గర అతని ప్రతిభ నిజంగా మెచ్చదగినది. మధ్యాహ్నం పనివారు తినే సాదా భోజనాన్ని అక్కడివారు కోరియెంతాసో అంటారు. సూపు, కొబ్బరి అన్నం, చేపో మాంసమో, పచ్చి అరటికాయ ముక్కలను అణిచి రెండుసార్లు వేయించిన పతకోన్లు, ఒక గ్లాసు పండ్లరసం కలిపి, పాత నగరపు రెస్టారెంటులో ఒక పానీయానికయ్యే సొమ్ముకే దొరుకుతాయి. దానిని కనిపెట్టగలిగిన యాత్రికులు కొందరే, వారిలో ఇతడొకడు. చిక్కు రాత్రిపూట రెస్టారెంటులో వస్తుంది. సేవకు ఇచ్చే ప్రొపీనా, అంటే టిప్పు, కొలంబియా చట్టం ప్రకారం స్వచ్ఛందమైనది, పది శాతానికి మించి సూచించకూడనిది. దానిని బిల్లులో కలపమంటారా వద్దా అని వడ్డించినవాడు ముందుగా అడిగి తీరాలి. వినియోగదారుని కాపాడడానికి చేసిన ఈ నియమం పద్దుల యాత్రికునికి ప్రాణసంకటం. నోరు విప్పి, పక్క బల్లవారు వింటుండగా, మూడు గంటలు ఓపికగా వడ్డించిన మనిషి ముఖంలోకి చూస్తూ 'వద్దు' అనవలసిన అవసరాన్ని ఏ పట్టికా ఊహించలేదు. అతడు ఉదారంగా తల ఊపుతాడు, కార్డు యంత్రం 'మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా, పెసోలలోనా' అని అడిగినప్పుడు మాత్రం తేరుకుంటాడు. సొంత కరెన్సీ అని నొక్కితే యంత్రం యజమానులు తమకు నచ్చిన మారకపు రేటు వేసి నాలుగు డబ్బులు ఎక్కువ పిండుకుంటారని అతనికి తెలుసు, కాబట్టి విజయగర్వంతో పెసోలు అని నొక్కుతాడు.

గడియార స్తంభం దాటి లోపల అడుగుపెట్టగానే కనిపించే త్రికోణపు చౌకులో కమానుల వరుస కింద కొబ్బరి ఉండలూ చింతపండు మిఠాయిలూ అమ్ముతారు. వలసపాలనలో ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన మనుషులను అమ్మిన సంత ఇదే. ఇక్కడికి దగ్గరలోనే, రంగురంగుల గౌన్లు ధరించి, పండ్ల గంపలు తలమీద పెట్టుకొని తిరిగే పాలెంకేరాలు కనిపిస్తారు. బానిసత్వం నుంచి పారిపోయిన వారు కొండల చేరువలో కట్టుకున్న సాన్ బసీలియో దె పాలెంకె అనే గ్రామపు స్త్రీలు వారు. ఇప్పుడు వారి రాబడిలో పండ్లతోపాటు ఫొటోలకూ వాటా ఉంది. పక్కన నిలబడి బొమ్మ తీసుకుంటే డబ్బు ఇవ్వాలి. పద్దుల యాత్రికుడు కోటలోపలికి చెల్లించే రుసుమును మారుమాటాడకుండా చెల్లిస్తాడు, ఎందుకంటే దానికి ముద్రించిన టికెట్టు ఉంది; ఈ స్త్రీతో మాత్రం బేరమాడతాడు. అతని చరిత్రలో క్షమించడం కొంచెం కష్టమైన ఘట్టం ఇది.

దీవుల సంగతి క్లుప్తంగా చాలు. రొసారియో దీవులకు పడవ టికెట్టు కొన్నవాడు రేవు దగ్గరికి వెళ్ళాక రేవు పన్ను వేరని, సంరక్షిత జలాలలో ప్రవేశ రుసుము కూడా ఉండవచ్చునని తెలుసుకుంటాడు. తీరాన వాలిన తరువాత ఒకామె 'ఊరికే, రుచి చూపించడానికి' అంటూ భుజాలు మర్దన చేయడం ప్రారంభిస్తుంది. ఉచితం అన్న మాటకు పట్టికలో సున్నా తప్ప మరో విలువ లేదు గనుక అతడు అభ్యంతరం చెప్పడు, సున్నా ఎంతకు పెరగగలదో లేచేటప్పుడు తెలుస్తుంది.

విశేషమేమిటంటే, లెక్కలు తప్పినవారి జాబితాలో ఇతనికి ముందు చాలా గొప్పవాళ్ళున్నారు. 1586లో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లీషు నావికుడు ఈ ఊరిని పట్టుకొని, వదిలిపెట్టడానికి భారీ సొమ్ము అడిగి, బేరం తెగనప్పుడల్లా కొన్ని ఇళ్ళు తగలబెడుతూ చివరకు లక్షా ఏడువేల డుకాట్లకు ఒప్పుకున్నాడు. బెదిరింపును ఆయుధంగా వాడినా, మొదట అడిగినదానికీ చేతికి వచ్చినదానికీ పొంతన లేకపోయింది. ఆ దెబ్బతో స్పెయిన్ రాజు బౌతిస్తా అంతొనెల్లీ అనే ఇటాలియన్ ఇంజనీరును పంపగా ప్రారంభమైన కోటగోడల పని రెండు వందల ఏళ్ళు సాగి 1796లో గాని పూర్తి కాలేదు. ఇక్కడి ఖజానా చాలక కీటో మొదలైన దూరపు ఖజానాల నుంచి 'సితువాదో' అనే రక్షణ నిధి ఏటేటా రావలసి వచ్చేది. ఇంత డబ్బు మింగిన గోడ ఇక్కడికి కూడా కనబడాలి కదా అని స్పెయిన్ రాజు తన మేడ కిటికీలోంచి దుర్భిణితో చూశాడని ఒక కథ ఉంది. అది ఏ రాజన్నది చెప్పేవారిని బట్టి మారుతుంది, కొందరు చెప్పే రాజు నాటికి దుర్భిణి ఇంకా పుట్టనే లేదు.

వీరందరిలో పద్దుల యాత్రికునికి అసలైన పూర్వీకుడు ఎడ్వర్డ్ వెర్నన్. 1741లో 180కి పైగా నావలతో వచ్చిన ఈ ఇంగ్లీషు నౌకాధిపతికి ఎదురుగా ఉన్నది ఆరు యుద్ధనావలు, ఒక కన్ను, ఒక చేయి, ఒక కాలు అప్పటికే యుద్ధాలకు సమర్పించుకున్న బ్లాస్ దె లేసో అనే స్పానిష్ సేనాని. రేవు ముఖద్వారపు కోటలు పడగానే వెర్నన్ విజయవార్త పంపించాడు, లేసో మోకరిల్లి లొంగిపోతున్నట్టు ఇంగ్లండులో పతకాలు కూడా పోశారు. ఆ తరువాత సాన్ ఫెలిపె కోట మీదికి ఎగబాకబోతే నిచ్చెనలు పొట్టివని తేలింది. జ్వరాలు వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి, నౌకాదళం వెనుదిరిగింది, పతకాలు మిగిలాయి. ఈ వృత్తాంతాన్ని ఆడియో మార్గదర్శిలో వింటూ కోట మెట్లు ఎక్కే పద్దుల యాత్రికుడు, నిచ్చెనల కొలత ముందుగా సరిచూసుకోకపోవడం ఎంత అవివేకమో భార్యకు వివరిస్తాడు. ఆ ఆడియో యంత్రపు అద్దెను ప్రవేశ రుసుములలో చేర్చాలా, ఇతరములలో చేర్చాలా అన్న సందేహం అప్పుడే కలిగి, మిగిలిన సొరంగాలు చూడకుండా మెట్ల మీదనే కూర్చుండిపోతాడు.

చివరి రాత్రి జమాఖర్చులు తేలుతాయి. విమానం, బస, భోజనం, రవాణా, అన్నీ అంచనాకు లోపలే ఉంటాయి. ఒక్క ఇతరములు మాత్రం మిగతా పద్దులన్నిటినీ కలిపినంత లావెక్కి ఉంటుంది. ఇది వైఫల్యమని అతడు ఒప్పుకోడు, ఎందుకంటే పేరున్న ఏ పద్దూ తప్పలేదు. ఇంటికి వచ్చాక ఊరు ఎలా ఉందని అడిగినవారికి 'అనుకున్న దానికంటె చౌక' అని చెప్పి, పట్టికను వారడగకుండానే పంపుతాడు. అది అందుకున్న తోడల్లుడు తన ప్రయాణానికి తేదీలు మార్చుకొని, మొట్టమొదట చేసే పని ఇతరములు అన్న గడిలోని అంకెను సగానికి తగ్గించడం. ఆ మిగులుతో మరో రెండు రోజులు ఉండవచ్చునని అతని లెక్క.