సంతకం లేని కలం

ఈ ఆత్మకథలో ‘నేను’ అనే మాట వినపడదు. శ్రీకాళహస్తిలో గుడ్డ మీద వేసే కలంకారీ బొమ్మ కింద పేరంటూ వేస్తే గీస్తే మేస్త్రిది వేస్తారు, కలానిది ఎవరూ వెయ్యరు. అందుకని తన గురించి చెప్పుకోవలసి వచ్చినా కలం ‘ఈ కలం’ అనే చెప్పుకుంటుంది.

దీనికి పాళీ లేదు, మూత లేదు. ఒక చివర మొనదేలేలా చెక్కిన వెదురు పుల్ల, అంతే. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి నూలుదారంతో బిగిస్తారు. రంగులో ముంచితే ఆ ఉన్ని పీల్చుకుంటుంది. గీస్తూ ఉండగా గీత పలచబడిందా, వేళ్ళతో ఉన్నిని ఒత్తితే చాలు, రంగు పుల్ల వెంట మొనకు దిగుతుంది. ఎంత ఒత్తాలో కొలత లేదు. ఎక్కువైతే బొట్టు పడుతుంది. ఆ బొట్టును ఏ రబ్బరూ చెరపలేదు.

1960ల మొదట్లో జపాన్‌లో పెంటెల్ కంపెనీ పీచుమొన పెన్నులు తెచ్చింది. కడుపులో సిరా పీల్చుకున్న పీచు, ముందు మొన. వరసకు ఈ కలానికి తమ్ముళ్ళే. ప్లాస్టిక్ గొట్టం మాత్రం వాళ్ళ సొంతం.

మేస్త్రి చేతిలోకి ఈ కలం నేరుగా రాదు. ముందు బొగ్గు వస్తుంది. చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో గుడ్డ మీద బొమ్మ లేతగా వేసుకుంటారు. తప్పు పోతే దులిపేసి మళ్ళీ వెయ్యొచ్చు. ఆ తర్వాత గీతలకు సన్నమొన కలం, రంగు నింపడానికి మొద్దుమొన కలం. సన్నమొనది అంటే ఇదే. చేతిలో ఉంది కదా అని మొద్దు కలంతో కనుబొమ్మ దిద్దితే దేవుడు రాక్షసుడైపోతాడు.

నల్లరంగు సంగతి వేరే చెప్పాలి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో పోసి రోజుల తరబడి పులియబెడతారు. గుడ్డనేమో ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలోని వగరు ఇనుప ద్రావణంతో కలిసిన చోట నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. కలం గీసినప్పుడు గీత వెలవెలబోతూ ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. ఐరోపాలో ఓక్ చెట్ల కాయలతో, ఇనుప లవణంతో వందల ఏళ్ళు వాడిన రాతసిరా రసాయనమూ ఇదే. ఆ సిరా ఉక్కు పాళీలను తినేసేది. వెదురుకు ఆ భయం లేదు.

ఎరుపు ఇంకా విచిత్రం. కలం పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. తర్వాత గుడ్డను ఎర్రరంగు చెక్కలతో కలిపి ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. అంటే కంటికి సరిగ్గా ఆనని రంగుతో బొమ్మ నింపాలి. ఈ కలం వృత్తిలో ఇదే అసలు కష్టం.

1950ల్లో ఈ పని దాదాపు మూలపడింది. చేతికళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో ఊళ్ళో శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ నేర్పారు. వారబ్బాయి గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కలంకారీకి మరో చోటైన పెడన వైపు చెక్క అచ్చులదే రాజ్యం. అక్కడ కలానికి పెద్దగా పని లేదు.

ఓసారి హైదరాబాద్ నుంచి బొమ్మలు నేర్చుకునే అమ్మాయి సంచీనిండా పెన్నులతో వచ్చింది. మేస్త్రి ఓ గుడ్డముక్క ఇచ్చి, “అన్నీ గీసి చూడమ్మా” అన్నాడు. సన్నగీత పెన్ను మొన దారాల్లో చిక్కుకుని గీరుకుపోయింది. స్కెచ్ పెన్ను గీత మీద తడి తగలగానే చెదిరింది. ఆల్కహాల్ మార్కర్ అయితే గీసిన చోట నిలవకుండా దారాల వెంట పాకింది. ఆ జాతివే అయిన జపాన్ కోపిక్ మార్కర్లు 1987లో కాగితం మీది పని కోసం వచ్చాయి. జిరాక్సు గీతను చెరపకుండా దాని మీద రంగు వెయ్యడం వాటి గొప్ప. గుడ్డ మీద ఆ గొప్ప ఎందుకు పనికొస్తుంది?

అలాగని ఈ కలం మీసం మెలెయ్యలేదు. ఆ అమ్మాయి నున్నటి కాగితం తీసి దీన్ని గీయమంటే రెండు బొట్లు కార్చి పరువు తీసుకుంది. అదే కాగితం మీద సకురా పిగ్మా పెన్ను వెంట్రుకంత గీత తీసింది. 1982లో వచ్చిన ఆ సిరాలో రంగు నీళ్ళలో కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా ఉంటుంది. అందుకే ఆరాక పైన నీటిరంగు వేసినా చెదరదు. ఎలాంటి సిరా అయినా తేల్చుకోవడానికి ఆ అమ్మాయి చేసే పని బాగుంది: పుస్తకం చివరి పేజీలో ఒక గీత గీసి, ఆరనిచ్చి, తడి కుంచెతో రుద్దుతుంది. గీత నిలిస్తే నీటిరంగుల పక్కన ఆ పెన్నుకు చోటు, లేకపోతే రాతపనికి.

“మాస్టారూ, ఈ కలం ఎక్కడ కొనాలి?” అని అడిగింది వెళ్ళేముందు.

“కొనేదేముందమ్మా, చెక్కుకోవడమే” అని ఓ వెదురు బద్ద, చాకు ముందుకు తోశాడు. మొన బాగానే తీసింది గానీ ఉన్ని ఉండలా చుట్టేసింది. ముంచి తియ్యగానే రంగు ధారగా కారింది. మేస్త్రి నవ్వుతూ, “సగం విప్పెయ్యమ్మా, అది కలం, కుండ కాదు” అన్నాడు.