ఆక్లాండ్ షవర్‌కి హైదరాబాద్ వైద్యం వద్దు

థర్మోస్టాటిక్ షవర్ మొండికేసిందని తెలిస్తే చాలు, న్యూజిలాండ్‌లో మన తెలుగువాళ్లు తలా ఒక చిట్కా చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ వాటిలో చాలావరకు మన ఊరి గీజర్ కోసం పుట్టిన చిట్కాలు. ఇక్కడ కొన్ని దండగ, కొన్ని ప్రమాదం.

"షవర్ హెడ్‌ను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టు తమ్ముడూ" అనేది మొదటిది. హైదరాబాద్ బోరు నీళ్లకు అది సరైన మందే, అక్కడ సున్నం గట్టిగా పేరుకుంటుంది. ఆక్లాండ్ నీళ్లు హునువా, వైతాకెరే కొండల డ్యాముల నుంచి, వైకాటో నది నుంచి వస్తాయి. అంత సున్నం ఉండదు. ధార సన్నబడితే, వాల్వ్‌లోకి నీళ్లు వచ్చే చోట ఉండే చిన్న జల్లెడల్లో ఇసుకో, తుప్పో, రబ్బరు ముక్కో ఇరుక్కుందేమో చూడండి. వీధిలో పైపుల పని జరిగాక షవర్ నీరసిస్తే ముందు వాటినే అనుమానించాలి. గేటు బయట ఉండే మెయిన్ వాల్వ్ (టోబీ) కట్టేసి, జల్లెడ తీసి, పాత టూత్‌బ్రష్‌తో కడిగితే సరి. పైకప్పు మీద ట్యాంకు ఉన్న పాత ఇల్లయితే వేడినీళ్ల లైను విడిగా కట్టేయాలి, లేకపోతే బాత్రూం అంతా నీళ్లే.

"కరెంటు బిల్లు మండిపోతోంది, వేడి తగ్గించు" అనేది రెండోది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా ఇదే. థర్మోస్టాటిక్ వాల్వ్ లోపల ఒక మైనం గుళిక ఉంటుంది. నీళ్లు వేడెక్కితే మైనం ఉబ్బి వేడినీళ్ల దారి మూస్తుంది. చల్లబడితే అది ముడుచుకుంటుంది, స్ప్రింగు ఆ దారిని మళ్లీ తెరుస్తుంది. ఈ పని కుదురుగా జరగాలంటే లోపలికొచ్చే వేడినీళ్లు మనం కోరే వేడికన్నా సుమారు 10 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. గ్యాస్ హీటర్‌ను 42 దగ్గర పెట్టుకుని, షవర్ గోరువెచ్చగానే వస్తోందని ఆ గుళిక ఉండే కార్ట్రిడ్జ్ కొత్తది కొంటే డబ్బు నీళ్లపాలే. ఇక వేడినీళ్ల సిలిండర్‌లో నిలవ ఉండే నీళ్లకు 60 డిగ్రీలు తప్పనిసరి. అంతకన్నా తగ్గిస్తే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. బిల్డింగ్ కోడ్‌లోని జీ12 నిబంధన దాన్ని అడ్డుకోమనే చెబుతుంది.

కాబట్టి షవర్‌ను విప్పకముందు పక్కనున్న బేసిన్‌లో వేడి కుళాయి తిప్పి, వంట థర్మామీటర్‌తో కొలవండి. అక్కడా వేడి చాలకపోతే తప్పు షవర్‌ది కాదు, సిలిండర్ పక్కన ఉండి వేడినీళ్లలో చన్నీళ్లు కలిపే టెంపరింగ్ వాల్వ్‌దో, సిలిండర్‌దో. బేసిన్‌లో నీళ్లు బాగా వేడిగా వచ్చి, షవర్ ఒక్కటే చల్లగా వస్తేనే కార్ట్రిడ్జ్‌ను అనుమానించాలి. చన్నీళ్ల కుళాయిలో వెచ్చటి నీళ్లు వస్తున్నాయా? అయితే నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్-రిటర్న్ వాల్వ్ పోయి, వేడినీళ్లు అటు దూరుతుండొచ్చు.

ఆ వాల్వుల్నే తీసి పారేస్తే ధార పెరుగుతుందనేవాళ్లూ ఉన్నారు. పాత ఇళ్లలో పైకప్పు ట్యాంకు నుంచి దిగే వేడినీళ్ల ఒత్తిడి చాలా తక్కువగా ఉంటుంది. మెయిన్ నుంచి వచ్చే చన్నీళ్లది దానికి ఎన్నో రెట్లు. వాల్వ్ తీసేస్తే చన్నీళ్లు వేడినీళ్ల లైనులోకి ఎదురు తన్నుతాయి. రెండు ఒత్తిళ్లనూ తట్టుకునే మిక్సర్ పెట్టించుకోవడమే దారి.

వాల్వ్ విప్పినప్పుడు లోపలి రబ్బరు రింగులకు వంటింటి నూనెలు రాయకండి, సిలికాన్ గ్రీజే వాడండి.

షవర్ పిడి మీద వేడిని 38 డిగ్రీల దగ్గర ఆపే ఎర్ర బటన్‌ను మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టకండి. 60 డిగ్రీల నీళ్లు పసిపిల్లల చర్మాన్ని క్షణాల్లో కాల్చేస్తాయి. కార్ట్రిడ్జ్ మార్చాక కూడా థర్మామీటర్‌తో 38 సరిచూసుకున్నాకే పిల్లల్ని స్నానానికి పంపండి.

సొంత ఇంట్లో జల్లెడ కడుక్కోవచ్చు, కుళాయి వాషర్ మార్చుకోవచ్చు. టెంపరింగ్ వాల్వ్, సిలిండర్, గోడలోని పైపులు మాత్రం లైసెన్సున్న ప్లంబర్ పని. వచ్చినతన్ని కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

అద్దె ఇల్లయితే స్క్రూడ్రైవర్ పట్టనే వద్దు. 1986 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ చట్టం ప్రకారం ఇంటి బాగోగులు చూసుకోవాల్సింది యజమానే. లోపాన్ని ఫోటో తీసి, ఈమెయిల్ రాయండి. కదలకపోతే సరిచేయమని 14 రోజుల నోటీసు ఇవ్వండి. అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని పిల్లలకు చన్నీళ్లు పోస్తున్న అక్కాచెల్లెళ్లారా, ఆ ఈమెయిల్ ఈ రాత్రే రాయండి.